జేఆర్‌ఎఫ్ ముందా, చైనీస్ ముందా?

నాగావళి_గట్టు: శ్రీకాకుళంలో పొలిటికల్ సైన్స్‌తో బీఏ అయిన అమ్మాయి ఆసియా భద్రత మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఇంట్లో గ్రూప్స్ రాయమంటున్నారు, ఆ గొడవ పక్కన పెట్టండి. ఎం.ఏ. రెండేళ్ళలో నెట్‌కి (లెక్చరర్ అర్హతకీ పరిశోధనకీ రాసే యూజీసీ పరీక్ష) చదవాలా, చైనీస్ మొదలుపెట్టాలా?

గంటస్తంభం: నెట్టే. మూడు గంటలు, 150 ప్రశ్నలు, 300 మార్కులు. నెగెటివ్ లేదు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. సబ్జెక్టు మీద పడి మొదటి పేపరు గాలికొదిలేస్తారు, ఆ 100 మార్కులే కొంప ముంచుతాయి. నెట్‌లో పై మార్కులకిచ్చే జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన ఫెలోషిప్, వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000. రాకపోయినా పీహెచ్‌డీ సీటుకి నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం. ఢిల్లీలో గది అద్దె చైనీస్ కడుతుందా?

కోరుకొండ_రోడ్: అద్దె సరే మాస్టారూ, థీసిస్ ఎవరు రాస్తారు? 2020 జూన్ 15న గల్వాన్‌లో చైనా సైనికులతో ఘర్షణలో అమరుడైన కల్నల్ సంతోష్‌బాబు మన కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివారు. ఆ ఘటన మీద చైనా వాదనని ఇంగ్లీషు పత్రికల్లోంచి ఎత్తి రాస్తే అది ఎంగిలి కూడే. ఒక్క మాట చూడండి: ‘వెయ్‌షె’. ఇంగ్లీషులో డిటరెన్స్ అని తిప్పేస్తారు, అంటే ఎదుటివాణ్ణి భయపెట్టి ఆపడం. చైనా సైనిక రాతల్లో ఆ మాటకి భయపెట్టి పని చేయించుకోవడమనే అర్థం కూడా ఉంది. అక్కడ జారితే చాప్టరంతా పోయినట్టే. చైనీస్ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కే పాత లెక్కలో నాలుగో మెట్టుకి 1,200 మాటలు, అయిదుకి 2,500. పత్రిక చదవాలంటే అయిదు కావాలి. ఎం.ఏ.లో మొదలెట్టకపోతే పీహెచ్‌డీ రెండో ఏడు కూడా అక్షరాలు దిద్దుకోవడంతోనే సరి.

కళింగతీరం: ఆసియా అంటే చైనా ఒక్కటేనా బాబూ? 2018 నవంబరులో గుజరాత్ పడవల మీద వెళ్ళి పాకిస్తాన్‌కి చిక్కిన మన జాలర్లు 20 మంది 2020 జనవరి 6న వాఘా దాటి వచ్చారు. గుజరాత్, పాకిస్తాన్ సింధ్ మధ్య ఉన్న సర్ క్రీక్ అనే సముద్రపు పాయ దగ్గర సరిహద్దు నేటికీ తేలలేదు. ఈ విషయానికి మూలభాష ఎచ్చెర్ల మండలం మత్స్యలేశంలో మాట్లాడే తెలుగే. నెట్ చదువుకుంటూనే చెయ్యొచ్చు.

కోరుకొండ_రోడ్: ఇంటర్వ్యూలో ‘ఇది వలసల అధ్యయనం, భద్రత ఎక్కడ?’ అంటారు.

కళింగతీరం: అంటారు. అందుకే ‘భారత్-పాక్ సంబంధాలు: ఒక పరిశీలన’ లాంటి శీర్షిక వద్దు, ప్రశ్న పెట్టాలి: రెండు దేశాల చర్చలకి ముందు జాలర్ల విడుదలలు పెరుగుతున్నాయా? 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ ఖైదీల, జాలర్ల జాబితాలు మార్చుకుంటాయి. సంఖ్యలు విదేశాంగ శాఖ ప్రకటనల్లో ఉంటాయి. పదిహేనేళ్ళకి ముప్పై జాబితాలు. తిరకాసు ఒకటుంది: జాబితా చెప్పేది ఆ రోజుకి జైల్లో ఎంతమంది ఉన్నారని. ఆ ఆరు నెలల్లో పట్టుబడినవాళ్ళ లెక్క కాదది. మధ్యలో విడుదలైనవాళ్ళని పార్లమెంటు జవాబుల్లోంచి ఏరి కలపకపోతే అరెస్టులు తగ్గినట్టు కనిపిస్తుంది.

గంటస్తంభం: ఇది బాగుంది. మొదటి పేపరు మాత్రం మరవొద్దని చెప్పండి అమ్మాయికి.