సమస్య: నీరుదోసె తినగ నిప్పు పుట్టె

నిర్వాహకుడు:
మంగళూరుకు తిండి కోసమే వెళ్ళివచ్చిన మిత్రుడొకరు ఫోనులో మాటల మధ్య ఈ పాదం అనేశారు. తన నోట ఆటవెలది పాదం పడిందని ఆయనకు తెలియదు. నేను వెంటనే రాసిపెట్టుకున్నాను. నీళ్ళూ నిప్పూ ఒకే పాదంలో ఉన్నాయి, యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు, కూడా దానంతట అదే కుదిరింది.

నీరుదోసె తినగ నిప్పు పుట్టె

దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి. షరతు ఒక్కటే. నీరుదోసె సంగతి తెలిసి రాయండి. అందులో మినప్పప్పు ఉండదు, పిండి పులియబెట్టరు. నానిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, నీళ్ళు బాగా కలిపి, వేడి పెనం మీద గరిటెతో తిప్పకుండా ఊరికే పోసి మూత పెడతారు. తిరగవేయరు. చిల్లులు చిల్లులుగా, తెల్లగా, మెత్తగా వస్తుంది. మడత పెట్టి వడ్డిస్తారు. కరకరలాడిందని ఎవరైనా రాస్తే ఆ పూరణ పక్కన పెడతాను. శుక్రవారం రాత్రి వరకు గడువు.

మారతహళ్ళి తమ్ముడు:
మొదటి పూరణ నాదే కావాలని రాత్రే కూర్చున్నాను.

మంగళూరు వెళ్ళి మధ్యాహ్నమందున
నేతి కోడివేపు నిండ మిరప
అద్దుకొనుచు నోట నాత్రమ్ముగా నేను
నీరుదోసె తినగ నిప్పు పుట్టె!

యలహంక మాస్టారు:
తమ్ముడూ, గణాలు (గురులఘువుల గుంపులు) నిలిచాయి, యతులు నిలిచాయి. నడక కూడా బాగుంది. కానీ నిప్పే పుట్టలేదు. నీవు చెప్పిన నేతి కోడివేపుడు కుందాపురం వంట. దానికి ఆ ఎరుపు తెచ్చేది బ్యాడగి మిరప. హావేరి జిల్లా బ్యాడగి పేరుతో 2011లో భౌగోళిక గుర్తింపు పొందిన మిరప అది. దాని గొప్పతనమంతా రంగులోనే ఉంది, కారం తక్కువ. పళ్ళెం చూస్తే మంట మండుతున్నట్టే ఉంటుంది, నోట్లో పెట్టుకుంటే చింతపండు పులుపూ నెయ్యీ ముందు తగులుతాయి. గుంటూరు మిరపతో పెరిగిన నాలుకకు అక్కడ నిప్పు ఎక్కడిది?

మారతహళ్ళి తమ్ముడు:
మాస్టారూ, వంటవాళ్ళు కారం కోసం మరో రకం మిరప కూడా కలుపుతారు కదా.

యలహంక మాస్టారు:
కలుపుతారు. అయితే కలిపినట్టు పద్యంలో ఉండాలి. "నిండ మిరప" అంటే చాలదు. ఏ మిరపో చెప్పినప్పుడే నిప్పుకు ఆధారం దొరుకుతుంది.

బసవనగుడి బామ్మ:
కారం దారి అందరికీ ముందుగా తట్టేదే కాబట్టి నేను దాన్ని వదిలేశాను. పగటి రైలులో వెళ్ళినవాళ్ళకు ఇది తెలుస్తుంది. సకలేశపురం దాటాక సుబ్రహ్మణ్య రోడ్డు వరకు 57 సొరంగాలు. వెలుగూ చీకటీ, వెలుగూ చీకటీ. కిటికీ వదిలి ఎవరూ తిండి డబ్బా తెరవరు. ఆకలి వేసి, వేసి, చివరికి చచ్చిపోతుంది.

ఘాటు దాటి రైలు గమ్యమ్ము చేరగా
జఠరమందు నగ్ని చల్లబడెను;
కొబ్బరియును బెల్లకోరులతో లేత
నీరుదోసె తినగ నిప్పు పుట్టె.

నిర్వాహకుడు:
బామ్మగారూ, రెండో పాదంలో అగ్నిని చల్లార్చి నాలుగో పాదంలో మళ్ళీ రాజేశారు. సమస్యలోని నిప్పుకు ముందే ఇల్లు కట్టిపెట్టారన్నమాట. కొబ్బరి, బెల్లం కోరు కలిపి పక్కన పెట్టడం అచ్చంగా అక్కడి పద్ధతే. "లేత" అన్న ఒక్క మాటలో నా షరతు కూడా నెరవేరింది.

కె.ఆర్.పురం:
బామ్మగారి పద్యానికి నమస్కారం. నాది చేపల దారి.

వానలందు పోయి వంజరమ్మును వేగ
కడలినుండి తెచ్చి కాల్చి పెట్ట
పులుసు నద్ది నేను పొగలు కక్కు వేడి
నీరుదోసె తినగ నిప్పు పుట్టె!

యలహంక మాస్టారు:
మూడో పాదం చివర ఒక లఘువు తగ్గింది. "పొగలుక" వరకు సరే, ఆపైన "క్కు వేడి" ఇక్కడ చెల్లని జగణమై కూర్చుంది. "పొగలు కక్కెడి వేడి" అంటే తీరిపోతుంది.

మల్లేశ్వరం వాసి:
అక్షరం సంగతి మాస్టారు చూసుకున్నారు. నాకు అభ్యంతరం చేప దగ్గర. వానలలో మంగళూరులో కడలి నుండి వేగంగా వంజరం తెచ్చేదెవరు? పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు, అంటే 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రోజుల్లో మరపడవలన్నీ రేవులోనే ఉంటాయి. పళ్ళెంలోకి వచ్చే వంజరం చాలావరకు మంచుపెట్టెలో నిలవున్నదో, నిషేధం అప్పటికే ముగిసిన తూర్పు తీరం నుంచి లారీలో వచ్చినదో అయివుంటుంది. తూర్పున ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకే కదా. "వానలందు", "వేగ" అనే రెండు మాటలూ ఒకే పాదంలో ఇమడవు.

కె.ఆర్.పురం:
ఆ నిషేధం మరపడవలకు. తీరం దగ్గర వల వేసే నాటు పడవలకు వర్తించదు. నేను రాసింది వాటి గురించే.

మల్లేశ్వరం వాసి:
అలాగైతే నాటు పడవ పద్యంలోకి రావాలి. మాస్టారు మిరప గురించి తమ్ముడికి చెప్పిన న్యాయమే ఇక్కడా.

నిర్వాహకుడు:
మల్లేశ్వరం గారు చెప్పింది సబబు. రెండో పాదాన్ని "నాటుపడవవాడు నాకు వండ" అని మార్చి, మూడో పాదంలో మాస్టారి సవరణ పెట్టుకుంటే పూరణ చక్కగా నిలుస్తుంది. అయితే నాటు పడవకు వానల్లో చిక్కేది ఎక్కువగా చిన్న చేప. వంజరం బదులు మరో చేపను వెదకండి. యతికి వకారంతో మొదలయ్యే చేప దొరకకపోతే మొదటి మాట మార్చుకోవచ్చు.

మల్లేశ్వరం వాసి:
ఇక నా పూరణ. సముద్రం దాకా వెళ్ళలేక బెంగళూరులోనే చిక్కుకున్నవాడి కథ.

సాగరమ్ము చూడ సమయమ్ము లేదని
వీధి చివరి కొట్టు విందుకేగి
కారమందు ముంచి కాల్చిన ఘాటు ప
నీరుదోసె తినగ నిప్పు పుట్టె!

మారతహళ్ళి తమ్ముడు:
పనీరుదోసె! రెండుసార్లు చదివితే గాని కనబడలేదు. అద్భుతం, అన్నయ్యా.

యలహంక మాస్టారు:
పూరణ బాగుంది. ఆ మాట ముందే చెప్పి అసలు సంగతికి వస్తున్నాను. పోయిన నెల సమస్య "పాలు లేక పాలు పంచుకొనిరి". దానికి నా మూడో పాదం ఇది:

అన్నదమ్ములపుడు నాస్తిలో నెట్టి పా

"ఎట్టి పాపాలు లేక" అని అన్వయం. అప్పుడు ఇదే మల్లేశ్వరం గారు ఏమన్నారు? పాదం చివర అక్షరం దాచడం గారడీ, కవిత్వం కాదు అన్నారు. నెల తిరిగేసరికి అదే అక్షరం, దీర్ఘం మాత్రం తీసి, అదే చోట ఆయన దాచారు. గారడీ ఇప్పుడు కవిత్వం ఎలా అయింది?

మల్లేశ్వరం వాసి:
మాస్టారూ, ఆనాటి నా అభ్యంతరానికి నేను ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. మీ పద్యంలో "పా" దగ్గరికి వచ్చేవరకు పాపం గురించి ఒక్క సూచన లేదు. పాఠకుడు తట్టుకుని పడతాడు. నా పద్యంలో "కాల్చిన" అన్న మాట చూడండి. నీరుదోసెను అలా కాల్చరు. నిర్వాహకులు పైన చెప్పినట్టు మూతపెట్టి ఉడికిస్తారు. కారం పూసి ఎర్రగా కాల్చేది వేరే దోసె. ఆ మాట దగ్గరే పాఠకుడికి అనుమానం రావాలి, వెంటనే "ప" కనబడాలి. దాచిన అక్షరానికి దారి చూపడమే ఇందులో పని.

యలహంక మాస్టారు:
"నాస్తిలో నెట్టి" అనగానే అన్నదమ్ముల మధ్య పాపభీతి స్ఫురించదా? ఆస్తి పంపకంలో పాపం మాట రాని ఇల్లు ఉందా?

బసవనగుడి బామ్మ:
ఇద్దరూ ఆగండి నాయనా. మాస్టారి పాదం నాకు అప్పుడూ నచ్చింది, ఇప్పుడూ నచ్చింది. ఒక పాలు వాటా, ఇంకొకటి పాపంలో కలిసిపోయింది, సమస్యలో అసలు పాలచుక్కే మిగలలేదు. అది పెద్ద పని. మల్లేశ్వరం గారి పద్యంలో వంట తెలిసిన చెయ్యి కనిపిస్తోంది. రెండూ వేరు. అయినా మాస్టారు ఆనాడు మొదటి పాదంలో వేసిన యతి గురించి నేను ఇంకా తృప్తి పడలేదు, అది మరోసారి మాట్లాడుకుందాం.

యలహంక మాస్టారు:
బామ్మగారూ, ఆ యతికి ఛందస్సు నియమాలు రాసిన లక్షణకారుల అనుమతి ఉంది. పనీరు అన్న మాటకు ఎవరి అనుమతి ఉందో మాత్రం అడుగుతున్నాను.

బసవనగుడి బామ్మ:
ఈ ఊళ్ళో ప్రతి హోటలు పలక మీదా ఉన్న మాట, మన పిల్లలందరి నోటా ఉన్న మాట. దోసెతో సమాసం కట్టగలిగినంత మనదైపోయింది. అనుమతి నేనిస్తున్నాను.

ఇందిరానగర్ అక్క:
వాదం సాగుతుండగా నాది కూడా పెట్టేస్తాను. క్రమాలంకారం, అంటే ప్రశ్నలకు చివరి పాదంలో వరుసగా జవాబులు. దర్శిని అంటే మన ఊరి చిన్న టిఫిను హోటలు.

దప్పి తీర్చునేది? దర్శినిలో నేది?
కడలి యొడ్డు కిట్లు కదలుటేల?
పొయ్యిలోన నేమి? పొరుగింటి పాపాయి?
నీరు, దోసె, తినగ, నిప్పు, పుట్టె!

నిర్వాహకుడు:
అక్కగారూ, క్రమాలంకారంలో అయిదు మాటలకూ అయిదు ప్రశ్నలు పట్టడం ఒక ఎత్తు, ఆ ప్రశ్నలు ఒకే ప్రయాణంలోంచి రావడం మరో ఎత్తు. నాలుగు కుదిరాయి. సముద్రపు ఒడ్డుకు ఎందుకు వెళ్తామంటే "తినగ" అనడం ఈ వారం సమస్య మొత్తానికీ జవాబు. పొరుగింటి పాపాయి మాత్రం ఈ ప్రయాణంలో లేదు. "పుట్టె" అన్న క్రియను వాడుకోవడానికి వచ్చింది.

ఇందిరానగర్ అక్క:
ఆ పాపాయి నిజంగానే పొరుగింట్లో ఉంది. మేము మంగళూరులో బన్స్ తింటుండగా కబురు వచ్చింది. అరటిపండు, పెరుగు, మైదా కలిపి పూరీలా వేయించిన ఆ తీపి బన్స్‌తోనే అందరం నోరు తీపి చేసుకున్నాం. అందుకే పాపను వదలలేను.

నిర్వాహకుడు:
అయితే బన్స్‌ను మూడో పాదంలోకి తెచ్చే ప్రయత్నం చేయండి. అది ఉంటే పాపాయి కూడా కథలోకి వచ్చేస్తుంది.

హెబ్బాళ:
ఆలస్యంగా వచ్చాను. నిప్పు నోట్లోనో కడుపులోనో పుట్టాలని ఎక్కడా లేదు కదా.

ఆలి నింట విడిచి యాఫీసు పనియంచు
కడలి యూరు చేరి కబురు లేక;
మిత్రుడింటికంపె మెల్లగా ఫొటొ! నేను
నీరుదోసె తినగ నిప్పు పుట్టె!

బసవనగుడి బామ్మ:
ఈ నిప్పు అన్నిటికంటే నిజమైనది. "మెల్లగా ఫొటొ" దగ్గర నేను ఆగిపోయాను. ఆ మిత్రుడి స్వభావమంతా "మెల్లగా"లో ఉంది.

యలహంక మాస్టారు:
"ఫొటొ" చివర హ్రస్వం ఎందుకో తెలుసు, గణం కోసం. చెవికి మాత్రం ఇంకా దీర్ఘంగానే వినబడుతోంది. అది తప్ప పద్యం నిర్దుష్టం. నీటికీ నిప్పుకూ మధ్య దూరాన్ని మంగళూరు నుంచి బెంగళూరు దాకా సాగదీయడం ఎవరికీ తట్టలేదు. దాదాపు 350 కిలోమీటర్ల అవతల దోసె, ఇవతల మంట. ఈ వారానికి నా ఓటు దీనికే.

మల్లేశ్వరం వాసి:
మాస్టారు నా పద్యాన్ని మెచ్చకపోయినా హెబ్బాళ గారిని మెచ్చినందుకు సంతోషం. నేనూ దానికే వేస్తున్నాను.

యలహంక మాస్టారు:
మీ పద్యం బాగుందని మొదటి వాక్యంలోనే రాశాను. పైకి వెళ్ళి చూడండి.

నిర్వాహకుడు:
ఈ వారం మొదటి స్థానం బామ్మగారికి. కారణం చెబుతాను. హెబ్బాళ గారి పద్యంలో నీరుదోసె తీసేసి ఇడ్లీ పెట్టినా, గడ్‌బడ్ ఐస్‌క్రీం పెట్టినా ఇంట్లో మంట అలాగే పుడుతుంది. మల్లేశ్వరం గారి పద్యంలో నీరుదోసె మాయమై పనీరు వచ్చింది, తెలివి గొప్పదే. బామ్మగారి పద్యంలో మాత్రం దోసె దోసెగానే ఉంది. అంత పలుచని, కారం లేని, నూనె అంతగా తగలని వంటకం తింటేనే అలసిన కడుపులో ఆకలి మళ్ళీ లేస్తుంది. వేరే ఏది పెట్టినా ఆ పద్యం నిలవదు. రెండో స్థానం హెబ్బాళ, మల్లేశ్వరం గార్లకు కలిపి.

పాపాలు, పనీరు వాదాన్ని ఇక్కడితో ముగించండి.

వచ్చే వారం సమస్య:

చేప చెట్టు నెక్కి చింత తినెను

పులుసులో చింతపండు వేశారని రాయడం కుదరదు. ఆ దారి ఇప్పుడే మూసేస్తున్నాను.

కె.ఆర్.పురం:
చేపలు మళ్ళీ వచ్చాయి. ఈసారి పడవ పేరు మొదటి పాదంలోనే రాస్తాను.