థియోఫిలిన్ వాడుతూ టీ తాగితే గుండె దడ వస్తుందా?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. నాన్నగారు మిర్చి యార్డులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. ఆ ఘాటుకు తోడు చుట్ట అలవాటు, ఇప్పుడు సీఓపీడీ (ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు). ఇన్‌హేలర్‌తో పాటు రాత్రిపూట థియోఫిలిన్ 300 ఎంజీ బిళ్ళ రాశారు. ఆయాసం బాగానే తగ్గింది, కాదనను.

ఈమధ్య మాత్రం దడ, వికారం, తెల్లవార్లూ నిద్ర లేదు. కప్పు పట్టుకుంటే చెయ్యి వణికి టీ సాసర్లో ఒలుకుతోంది. ఈ మందు కాఫీ, టీల్లోని కెఫీన్‌కు దగ్గరి చుట్టమేనట, రెండూ గ్జాంథీన్ జాతివే. ఆయనకేమో గంటకో టీ పడాలి!

ఇంకో రెండు విషయాలు. చుట్ట ఈమధ్యే మానేశారు (అదే మాకు పెద్ద పండగ). పొగ మానేస్తే లివర్ ఈ మందును నెమ్మదిగా ఖర్చు చేస్తుందని, పాత డోసే ఎక్కువైపోవచ్చని చదివాను. పైగా యూరిన్ ఇన్ఫెక్షన్‌కి వేరే డాక్టరు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. అదీ రక్తంలో థియోఫిలిన్‌ను పెంచుతుందట. ఇన్ఫెక్షన్‌కి మందు రాసిన డాక్టరుగారు పాత చీటీ అడగనే లేదు.

మా ఛాతీ డాక్టరుగారు ఊళ్ళో లేరు, సోమవారం వస్తారు. అప్పటిదాకా బిళ్ళ ఆపాలా, వేరే డాక్టరుకి వెంటనే చూపించాలా? థియోఫిలిన్ లెవెల్ రక్తపరీక్ష ఇక్కడ గుంటూరు కొత్తపేటలో చేస్తారా, విజయవాడ సూర్యారావుపేట వెళ్ళాలా? రక్తం బిళ్ళ వేసుకోకముందు ఇవ్వాలా, తర్వాతా? ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగి ఉంటే, డోసు తగ్గించారో, అదే జాతి మందు డాక్సోఫిలిన్‌కి మార్చారో చెప్పండి.