సమస్యాపూరణం: "కలిసినంత సగమె కాలమయ్యె"

నిర్వాహకుడు, తిరుపతి:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. రెండు ఆవర్తన ప్రమేయాలను (విలువలు అదే వరసలో మళ్లీ మళ్లీ వచ్చేవాటిని) కూడితే ఆవర్తనం, అంటే ఆ వరస మళ్లీ మొదలయ్యే వ్యవధి, ఎంత అని అడిగితే చాలు, క్లాసంతా ఒక్క గొంతుతో "క.సా.గు. సార్" అంటుంది. ఆ జవాబు ఎక్కడ జారుతుందో ఆలోచిస్తుంటే ఈ పాదం తట్టింది. లెక్కలతోనే పూరించాలని లేదు.

పూతలపట్టు రైతు:
తోటలోన మామ తోతాపురిని కోయ
అత్త గంపలెత్త నంతలోనె
పొద్దు గూకు వరకు పోవలసిన పని
కలిసినంత సగమె కాలమయ్యె.

నిర్వాహకుడు:
గణాలు, యతులు చక్కగా కుదిరాయి. 'పొద్దు గూకు' మన నేల మాట, చెవికి హాయిగా ఉంది. కానీ ఇద్దరు చేస్తే పని సగం కాలంలో అవుతుందని అందరికీ తెలుసు కదన్నా. సమస్యలోని ముడి బిగియకుండానే విడిపోయింది.

చంద్రగిరి ఇంటర్ విద్యార్థిని:
మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి సార్.
వేరు వేరుగాను వేళలు కలవాని
చిన్న గుణిజ మెంచి చెప్పవలయు
నియమ మిదియె యుండ నేలయ్య గురువర్య
కలిసినంత సగమె కాలమయ్యె?

నిర్వాహకుడు:
సమస్యను ప్రశ్నగా తిప్పావు, భేష్! మూడో పాదంలో యతి తప్పిందమ్మా. అక్కడున్నది 'ఉండన్ + ఏల'. ద్రుతం (చివరి 'న్') మీద అచ్చు వస్తే యతి అచ్చుకే చెల్లాలి, 'ని'కి 'ఏ' సరిపోదు.

నియమం మాట సరే. సైన్ 2ఎక్స్ ఆవర్తనం పై (π, అంటే 180 డిగ్రీలు), కాస్ 3ఎక్స్ ఆవర్తనం 2పై/3. భిన్నాలకైతే లవాల క.సా.గు.ను హారాల గ.సా.భా.తో భాగించాలి. 2పై వస్తుంది, అదే సరైన జవాబు. నీ 'ఏలయ్య'కు జవాబు ఇంకో పూరణలో వస్తుందేమో చూద్దాం.

అలిపిరి అక్క:
మెట్టు మెట్టు నెక్క మెల్లగా నొంటరి
తనువు డస్సె నపుడు తారసిల్లె
పాడు గుంపు వారి పదములో పదమిడ
కలిసినంత సగమె కాలమయ్యె.

నిర్వాహకుడు:
3550 మెట్లు ఒంటరిగా ఎక్కినవాళ్లకు ఈ పద్యం వేరే చెప్పక్కర్లేదు. అడుగూ పదమే, సంకీర్తనా పదమే, ఆ శ్లేష నాకు ఎంతో నచ్చింది. 'పాడు గుంపు' మాత్రం తిట్టులా వినబడుతోందక్కా. 'పాట గుంపు' అంటే గణం చెడదు, దోషం పోతుంది.

రిటైర్డ్ లెక్చరర్, చిత్తూరు:
సైను కాసులందు సంజ్ఞలు విడిచిన
పైకె మరలు గాని పక్క పక్క
నిలిపి కూడ మిట్ట నింపెను పల్లము
కలిసినంత సగమె కాలమయ్యె.

నిర్వాహకుడు:
మాస్టారూ, నమస్కారం. నేను ఎదురుచూసిన పూరణ ఇదే. సంజ్ఞ విడవడమంటే మాడ్యులస్ తీసుకోవడం, మైనస్ గుర్తు వదిలేయడం. మాడ్యులస్ సైన్ ఎక్స్, మాడ్యులస్ కాస్ ఎక్స్ విడివిడిగా 'పై'కే మరలుతాయి. క.సా.గు. కూడా పై. కానీ మొత్తం విలువ రాసి చూడండి: 0 డిగ్రీల దగ్గర 1, 45 దగ్గర రూట్ 2, 90 దగ్గర మళ్లీ 1. పై/2 జరిపితే సైన్ కాస్ అవుతుంది, కాస్ సైన్ అవుతుంది, మొత్తం చెక్కుచెదరదు. ఒకదాని మిట్ట రెండోదాని పల్లాన్ని నింపిందన్న పాదం గ్రాఫ్ గీసి చూపించినట్టే ఉంది. సైన్, కాస్‌ల నాలుగో ఘాతాల మొత్తమూ ఇంతే. అది 3/4 + (కాస్ 4ఎక్స్)/4, దాని ఆవర్తనం పై/2.

ఒక్క చిన్న మాట. 'పైకె' అన్నచోట లెక్కలు రాని పాఠకులు 'మీదికే' అనుకుంటారు.

చంద్రగిరి ఇంటర్ విద్యార్థిని:
సార్, నా మూడో పాదం "నియమ మిదియె కాదె నిజముగా గురువర్య" అని మార్చాను. మరి మాడ్యులస్ వస్తే ప్రతిసారీ సగమేనా?

నిర్వాహకుడు:
ఇప్పుడు యతి కుదిరింది. ప్రతిసారీ సగం కాదమ్మా. మాడ్యులస్ సైన్ ఎక్స్‌కు మాడ్యులస్ కాస్ 2ఎక్స్ కలిపి చూడు. పై/2 జరిపితే మొదటిది కాస్‌గా మారుతుంది, రెండోది మారదు. ఇచ్చిపుచ్చుకోవడం లేదు కనుక ఆవర్తనం పై దగ్గరే ఆగుతుంది. క.సా.గు. ఒక ఆవర్తనాన్ని ఇస్తుంది, అంతకన్నా చిన్నది ఉందేమో మనమే జరిపి చూడాలి. పరీక్షలో మార్కు పోయేది ఇక్కడే.

క.సా.గు. అసలే దొరకని జంటలూ ఉన్నాయి. కాస్ ఎక్స్‌కు కాస్ (రూట్ 2)ఎక్స్ కలుపు. సున్నా దగ్గర మొత్తం 2. మళ్లీ 2 రావాలంటే రెండూ ఒకేసారి 1 కావాలి. అలా అయితే రూట్ 2 రెండు పూర్ణాంకాల భిన్నం అయిపోవాలి. అది జరగదు కనుక ఆ 2 ఇంకెక్కడా రాదు, అంటే ఆ మొత్తానికి ఆవర్తనమే లేదు.