ప్లాస్టిక్ కలిపిన రోడ్డు మన వానలకు ఆగుతదా?

గుంతల_బాధితుడు:
మాది నాగోల్ దగ్గర కాలనీ. పోయినేడు వేసిన రోడ్డు రెండు వానలకే లేచింది, ఇప్పుడు బండి పోతే టైరు కింద కంకర ఎగిరి మా గేటుకు టంగుమని తగుల్తది. మళ్లా వేస్తరంట, ఈసారి పాల కవర్లు, ప్యాకింగ్ కవర్లు తారులో కలుపుతరంట. మీటింగ్‌ల ఒకాయన ఎండాకాలం కరిగి చెప్పులకు అంటుకుంటదంటడు, ఇంకొకాయన ఇదంతా చెత్త వదిలించుకునే ప్లాన్ అంటడు. తెలిసినోళ్లు చెప్పండన్నా.

హాట్‌మిక్స్_పాతకాపు:
తమ్మీ, నేను నాలుగేండ్లు హాట్ మిక్స్ ప్లాంట్‌ల, అంటే కంకర కాల్చి తారు కలిపే కాడ, చేసిన. తారులో కాదు, ముందు కంకర మీద వేస్తరు, కిటుకంతా అక్కడే ఉంది. కంకరను 160, 170 డిగ్రీల దాకా కాల్చి దాని మీద కవర్ల తురుము చల్లితే, 2-3 మిల్లీమీటర్ల ముక్కలు అవి, నిమిషం లోపే కరిగి పూత లెక్క పట్టేస్తది, రాయి నూనె రాసినట్టు మెరుస్తది, ఆ తర్వాతనే తారు పోస్తరు. ఉత్త రాయికి తారు కంటే నీళ్లంటేనే ఎక్కువ ఇష్టం, అందుకే వాన నీళ్లు సందుల దూరి తారును ఊడగొడ్తయ్. పూత ఉంటే నీళ్లు పీల్చదు. మధురై త్యాగరాజర్ కాలేజీ ప్రొఫెసర్ వాసుదేవన్ పద్ధతి ఇది, 2018ల పద్మశ్రీ వచ్చింది ఆయనకు. రోడ్లు ఎట్ల వేయాల్నో రూల్స్ రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2013లనే గైడ్‌లైన్స్ ఇచ్చింది, తారు బరువుల 6 నుంచి 8 శాతం ప్లాస్టిక్ అని. ఇగ ఎండకంటవా, పాల కవర్ కరగాలంటే 100 డిగ్రీలు దాటాలె, మే నెలల కూడా మన రోడ్డు అంత కాలదు.
పీవీసీ, అంటే ఫ్లెక్సీలకు, పైపులకు వాడే ప్లాస్టిక్, మాత్రం కలవనియ్యొద్దు. ఒకసారి మా దగ్గర బస్తాల ఫ్లెక్సీ బ్యానర్ ముక్కలు వచ్చినయ్, ఆ పొగకు కండ్లు మండి అందరం బయటికి ఉరికినం.

స్కూటీ_అక్క:
అన్నా, మా ఇంట్లో రోజుకు మూడు పాల ప్యాకెట్లు, కడిగి కిచెన్ కిటికీకి ఆరేస్తా, మా అత్తగారు నవ్వుతారు. ఇవి పనికొస్తాయా? చిప్స్ ప్యాకెట్లు కబాడీవాడు ముట్టుకోడు కూడా.

హాట్‌మిక్స్_పాతకాపు:
పాల కవర్లు బంగారం లెక్క అక్కా, కడిగి ఆరేస్తే ఇంకా మంచిది, పాల జిడ్డు ఉంటే తురుము ముద్ద కడ్తది. చిప్స్ ప్యాకెట్ల లోపల వెండి రంగు పూత ఉంటది కదా, వాటితోని లొల్లి. నీళ్ల బాటిళ్లు వద్దు, అవి కరగాలంటే 250 డిగ్రీలు కావాలె.

సైట్_ఇంజినీర్:
పాతకాపు చెప్పింది కరెక్టే గానీ ఆయన ప్లాంట్ దగ్గర ఆగిపోయారు, నేను రోడ్డు దగ్గర నుంచి చెప్తా. పైన వేసేది మూడు నాలుగు సెంటీమీటర్ల పొర, కింద పైప్‌లైన్ కోసం తవ్వి మట్టి సరిగ్గా దిమ్మిస చేయకుండా పూడ్చేస్తే అది కుంగుతుంది, దాంతో పాటు పైదీ పోతుంది, అందులో ఏ ప్లాస్టిక్ ఉన్నా సరే. మీ గల్లీలో రోడ్డు మధ్య ఎత్తుగా, పక్కలకు వాలుగా ఉందా? వాన నీళ్లు ఎటు పోతున్నాయి? ముందు అది చూసుకోండి బ్రదర్.

గుంతల_బాధితుడు:
ఇప్పుడే టార్చ్ పట్టుకుని చూసొచ్చిన. వాన పడి మూడు రోజులైంది, ట్రాన్స్‌ఫార్మర్ కింద నీళ్లు ఇంకా అట్లనే ఉన్నయ్, పైప్‌లైన్ తవ్వింది కూడా సరిగ్గ అక్కడనే. రేపు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) సార్ వస్తడంట, ముందు కాల్వ సంగతే అడుగుతా. అక్కా, కవర్లు మాత్రం పారెయ్యకండి.