క్లిప్పులు వేయిస్తే పెద్దయ్యాక లాభం ఉందా?

కూకట్‌పల్లి అమ్మ: మా అమ్మాయికి 12 ఏళ్ళు, ఎత్తు పళ్ళు. క్లిప్పులు వేయించాలన్నారు. అందం సంగతి అటుంచండి, పెద్దయ్యాక ఒరిగేదేమిటి? పైన రెండు పళ్ళు తీయాలట, అదీ భయంగా ఉంది. ఖర్చు ఎంత అవుతుందో కూడా చెప్పండి.

మలక్‌పేట మాస్టారు: నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. కబడ్డీలో బోర్లా పడితే ముందుగా విరిగేవి ఎత్తు పళ్ళే. విరిగిన పన్ను మళ్ళీ మొలవదు. ఆ ఒక్క కారణం చాలదా?

నిజాంపేట అక్క: రిటైనర్ గురించి, అంటే క్లిప్పులు తీశాక పళ్ళు కదలకుండా పెట్టుకునే పరికరం గురించి, ముందే అడిగి పెట్టుకోండి! మా తమ్ముడు క్లిప్పులు తీయగానే పని అయిపోయిందనుకుని దాన్ని డబ్బాలో పడేశాడు. పళ్ళు మెల్లగా పాత చోటికి నడిచాయి. మా నాన్నగారి డబ్బంతా వృథా. రాత్రిపూట ఏళ్ళ తరబడి పెట్టుకోవాల్సిందే. వేడినీళ్ళలో కడిగితే ప్లాస్టిక్‌ది వంకరపోతుంది, జాగ్రత్త.

సైదాబాద్ బామ్మ: పై పళ్ళు తీయించకు తల్లీ, చూపు మందగిస్తుంది. మా ఆడపడుచుకు పన్ను పీకించిన ఏడాదికే కళ్ళజోడు వచ్చింది.

తార్నాక ల్యాబ్: మళ్ళీ మొదలు! మీ ఆడపడుచు గారికి అప్పటికి నలభై దాటి ఉంటాయి. ఆ వయసులో చత్వారం పన్ను పీకినా వస్తుంది, పీకకపోయినా వస్తుంది. పంటి నరం అయిదో కపాల నాడి (మెదడు నుంచి నేరుగా వచ్చే నరం) కొమ్మ. చూపు రెండో నాడి పని. రెండింటికీ సంబంధం లేదు.

సైదాబాద్ బామ్మ: నాడుల లెక్క నాకు తెలియదు నాయనా. ఆమె ముగ్గులో చుక్కలు కనపడక ఏడ్చింది, అది మాత్రం నా కళ్ళారా చూశాను.

తార్నాక ల్యాబ్: ఏడిస్తే సాక్ష్యమా? ఇలాంటి మాటలు విని మా పక్కింటివాళ్ళు పుచ్చిన పన్నును చీము పట్టేదాకా నోట్లోనే ఉంచుకున్నారు.

మలక్‌పేట మాస్టారు: పెద్దావిడతో మాట్లాడే తీరు అది కాదు బాబూ. చదువుతో పాటు మర్యాద కూడా ఉండాలి.

తార్నాక ల్యాబ్: మర్యాదగా ఊరుకుంటే ఆ పిల్ల పళ్ళు బాగవుతాయా మాస్టారూ?

బీడీఎస్ తరవాత ఎండీఎస్: ఇది నా రోజువారీ పని కనుక చెబుతున్నాను. ఇలాంటప్పుడు సాధారణంగా తీసేది కోరపన్ను వెనక పన్ను. దవడలో చోటు చాలనప్పుడే. ఎక్స్‌రే చూడకుండా తీయాలన్నవారినీ వద్దన్నవారినీ నమ్మకండి. లాభమంటారా, ఇరుకు పోతే బ్రష్ సందుల్లోకి అందుతుంది. కింది పళ్ళు పైచిగురును గుచ్చే రకం కాటు ఉంటే అదీ సర్దుకుంటుంది. అంతేగానీ ఇక జన్మలో పుచ్చు రాదని ఎవరైనా హామీ ఇస్తే లేచి వచ్చేయండి. క్లిప్పులున్నన్నాళ్ళు సరిగా తోమకపోతే పుచ్చు ముప్పు పెరుగుతుంది కూడా. తీశాక చూస్తే పళ్ళ మీద తెల్ల మచ్చలు.

నల్గొండ నుంచి వచ్చాను: మచ్చలంటే గుర్తొచ్చింది. మా ఊరి బోరు నీళ్ళ ఫ్లోరైడ్‌తో నా పళ్ళు చిన్నప్పటి నుంచీ గోధుమరంగు. నాకు క్లిప్పులు అతుకుతాయా?

బీడీఎస్ తరవాత ఎండీఎస్: అతుకుతాయి. మామూలు పంటికన్నా తొందరగా ఊడే అవకాశం ఉంది, ముందే చెప్పండి.

నిజాంపేట అక్క: ఊడటం అంటే మా తమ్ముడే! సంక్రాంతికి సకినాలు నమలడం, మర్నాడు ఆసుపత్రికి పరుగు.

కూకట్‌పల్లి అమ్మ: ఖర్చు ఎవరూ చెప్పలేదు.

మలక్‌పేట మాస్టారు: అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో అడగండమ్మా. పొద్దున్నే వెళ్ళండి.

సైదాబాద్ బామ్మ: వెళ్ళినప్పుడు కళ్ళు కూడా చూపించు తల్లీ.