వానకు బిగుసుకుపోయిన నగల పెట్టె మూత

ప్రశ్న (దేవరకొండ నుంచి):
అన్నలూ, ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆదివారాలు చెక్క పెట్టెలు చేస్తుంటాను. అక్క పెళ్లికని పాత తలుపు టేకుతో నగల పెట్టె చేసిన. ఆరంగుళాల వెడల్పు, గాడిలో జారే మూత, దాని మీద నెమలి. మే నెలలో వెన్నలా జారింది. నాలుగు వానలు పడ్డాయో లేదో, సగం దాకా వచ్చి ఆగిపోయింది. అమ్మ కొబ్బరినూనె పోసింది, అయినా కదల్లేదు. పెళ్లి పది రోజుల్లో ఉంది, టెన్షన్‌గా ఉంది. అంచులు చిత్రిక పట్టేయనా?

జవాబు (వనపర్తి):
ఆగు తమ్మీ, ఇప్పుడే చిత్రిక ముట్టకు. చెక్క తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, పొడవు దాదాపు మారదు. ఎండాకాలంలో గాడికి అతికినట్టు కోసి ఉంటావు. నాలుగు రోజులు ఫ్యాను గాలికి ఉంచు, ఎండలో మాత్రం వద్దు, వంగుతుంది. అప్పటికీ బిగువుంటే ఒక్కో పక్క అర మిల్లీమీటరు తీయి, చాలు. పాలిష్ పైన ఒక్కటే వేశావా? అడుగున కూడా వేయాలె.

జవాబు (మిర్యాలగూడ):
నూనె తుడిచేసి గాడిలో కొవ్వొత్తి రుద్దు. నెమలి ఫొటో పెట్టవేం?

ప్రశ్న అడిగిన మనిషి:
అడుగున వేయలేదన్నా, అక్కడ ఎవరు చూస్తారులే అనుకున్న. మూడో రోజుకే మూత ఊడొచ్చింది. ఫొటో రేపు పెడతా, నెమలి ముక్కు కొంచెం విరిగింది.