పండ్లతోట రైతుకు నేర్పవలసింది మందుల పట్టికా, పురుగుల లెక్కా?

చిగురుటాకు:
పండ్లతోటల రైతులకు సస్యరక్షణపై జరిగే శిక్షణల్లో చివరికి చేతికి అందేది తరచుగా ఒక పిచికారీ పట్టికే: పూతకు ముందు ఫలానా మందు, పిందె దశలో మరొకటి, కాయ ఊరే దశలో ఇంకొకటి. తోటలో పురుగు ఉన్నదా, ఉంటే నష్టం చేసేటంతగా ఉన్నదా అన్న ప్రశ్నకు అందులో చోటు లేదు. పురుగు ఒక నిర్ణీత స్థాయికి చేరినప్పుడే చర్య తీసుకోవాలన్న ఆర్థిక నష్టపరిమితి సూత్రాన్ని కాలిఫోర్నియా కీటక శాస్త్రవేత్తలు 1959లోనే స్పష్టంగా ప్రతిపాదించారు. అందుచేత శిక్షణ సమయాన్ని పురుగును గుర్తించడానికీ, లెక్కించడానికీ కేటాయించాలని నా వాదన.

పాదుమట్టి:
సూత్రంతో నాకు పేచీ లేదు. అది ఆచరణలో నడిచే తీరుపైనే అనుమానం. కూలీలు, నీటి తడులు, అమ్మకాల పనుల మధ్య ప్రతి వారమూ భూతద్దం పట్టుకుని చెట్టు చెట్టూ తిరగడం ఎందరికి సాధ్యం? పైగా ఆపిల్ కాయతొలుచు పురుగు గుడ్డు నుంచి వెలువడ్డాక ఎక్కువసేపు బయట ఉండదు. కాయలోకి దూరిన తరువాత పిచికారీ దానిని అందుకోలేదు. పట్టిక మొరటుదే కావచ్చు, కానీ అదను దాటిపోనివ్వదు.

చిగురుటాకు:
పాదుమట్టి గారూ, మీరు చెప్పిన పురుగే పట్టికకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది. దాని ఎదుగుదల వేడిని బట్టి సాగుతుంది. 10 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువన దాదాపు ఆగిపోతుంది. లింగాకర్షక బుట్టలో (ఆడ పురుగు వాసనను పోలిన ఎర పెట్టిన బుట్ట) మగ రెక్కల పురుగులు వరుసగా పడడం మొదలైన రోజు నుంచి, 10 డిగ్రీలకు పైబడిన సగటు వేడిని రోజువారీగా కూడుతూ పోతే, మొత్తం సుమారు 140 డిగ్రీ-దినాలకు చేరినప్పుడు గుడ్లు పొదగడం మొదలవుతుంది. చలి ఎక్కువ కాలం నిలిచిన ఏడాది ఆ రోజు ఆలస్యమవుతుంది, ఎండలు ముందే ముదిరితే త్వరగా వస్తుంది. పట్టికలోని తేదీ మాత్రం కదలదు. కూడిక వచ్చినవారికి ఇది కష్టమైన విద్య కాదు.

అనవసరపు పిచికారీ వట్టి ఖర్చుతోనూ ఆగదు. కాలిఫోర్నియా నిమ్మజాతి తోటలను పీడించిన పొలుసు పురుగును 1888లో ఆస్ట్రేలియా నుంచి తెప్పించిన ఒక అక్షింతల పురుగు అదుపు చేసింది. 1940ల్లో డీడీటీ అనే పురుగుమందు చల్లిన తోటల్లో ఆ అక్షింతల పురుగు నశించడంతో పొలుసు పురుగు తిరిగి విజృంభించింది. మిత్రపురుగును గుర్తుపట్టడం నేర్పకుండా ఎన్ని మందుల పేర్లు చెప్పినా ప్రయోజనం తక్కువ. (మందులు అమ్మేవారే ఖర్చు భరించే సదస్సులో ఈ పాఠం ఎందుకు కురచగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.)

గట్టుమీద:
ఎగుమతి తోటల మాట ఇద్దరూ మరిచారు. పండు ఈగ పురుగు ఒక్కటి కనబడినా దిగుమతి చేసుకునే దేశం సరుకును తిరస్కరించవచ్చు. అక్కడ నష్టపరిమితి ఆచరణలో సున్నా. తెగుళ్లకూ మీ లెక్క వర్తించదు, ఎందుకంటే మచ్చ కంటికి కనబడే నాటికి తెగులు సోకి రోజులు గడిచి ఉంటాయి.

చిగురుటాకు:
తెగుళ్ల విషయంలో మీ మాట నిజమే, అయితే అక్కడా ఆకులు తడిగా ఉన్న గంటలనూ ఉష్ణోగ్రతనూ చూసి ముప్పును అంచనా వేయవచ్చు. పండు ఈగకు మాత్రం ఒంటరి రైతు శిక్షణ చాలదు. మిథైల్ యూజినాల్ అనే వాసన ఎర పెట్టిన బుట్టల్లో పడేవి మగ ఈగలే. రాలిన పండ్లను ఏరి నాశనం చేయని పక్క తోట నుంచి ఆడ ఈగలు వస్తూనే ఉంటాయి. కాబట్టి ఆనుకుని ఉన్న తోటలవారినందరినీ ఒకే జట్టుగా పిలవాలి.

పాదుమట్టి:
జట్టుగా అయితే నా అభ్యంతరం చాలావరకు తీరుతుంది. ఒకరికి లోతుగా నేర్పితే, అందరి తోటల్లో బుట్టలు చూసి లెక్క చెప్పగలరు. అయితే ఆ మనిషికి కూలి ఎవరు ఇస్తారన్నది శిక్షణ మొదటి రోజునే తేల్చాలి. లేకుంటే సీజను మధ్యలో బుట్టలు చూసేవారు ఉండరు, అందరూ మళ్లీ పట్టిక వైపే మళ్లుతారు.